తల్లి పోలిక, తల్లి సాక్ష్యం

పిల్లల్లో ఏ చిన్న తేడా కనిపించినా ముందు బోనెక్కేది తల్లే. బిడ్డ తక్కువ బరువుతో పుడితే ఆమె సరిగా తినలేదంటారు. బడిలో వెనకబడితే ఆమె పట్టించుకోలేదంటారు. కూతురు ఎదురు మాట్లాడితే ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అంటారు. ఇవన్నీ మనం రోజూ వినే మాటలే. ఆటిజం విషయంలో ఈ నేరారోపణ మీద ఒకప్పుడు శాస్త్రం ముద్ర కూడా పడింది. ఆ ముద్ర చెరిగిపోయిందని మనం అనుకుంటున్నాం. అది ఇప్పుడు వేరే దారిన, మరింత మర్యాదగా, మళ్లీ లోపలికి వస్తోందని నా అనుమానం.

విషయం ఇది. ఆటిజం ఉన్న పిల్లల తల్లుల్లో కొందరికి స్వయంగా ఆటిజం ఛాయలు ఉంటాయి. అందరికీ ఉండవు, ఎక్కువమందికి కూడా ఉండవు. నలుగురిలో కలవడం కష్టం కావడం, ఎదుటివాళ్లు సూచనగా అన్నదాన్ని పట్టుకోలేక అన్న మాటనే మాటగా తీసుకోవడం, చప్పుళ్లూ వెలుతురూ భరించలేకపోవడం, రోజు ఒకే వరసలో నడవకపోతే కంగారు పడటం – ఇలాంటివి. వీటిలో ఒకటో రెండో మనలో చాలామందికి ఉంటాయి, వాటితోనే సంసారాలు, ఉద్యోగాలు, ఉద్యమాలు చేస్తున్నాం. అయితే ఇలాంటి తల్లి తన బిడ్డ మాటామంతీ గురించి, స్నేహాల గురించి చెప్పేది ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న ఇప్పుడు పరిశోధకుల్లోనూ, ఆస్పత్రి గదుల్లోనూ నలుగుతోంది. తనలాగే ఉన్నాడు కాబట్టి ఆమెకు బిడ్డలో తేడా కనిపించదని కొందరంటారు. తనకున్నదాన్నే బిడ్డలోనూ చూసుకుంటుందని మరికొందరంటారు. ఈ రెండు వాదనలూ ఒకదానికొకటి ఎదురు. కానీ రెండింటి ఫలితమూ ఒకటే: తల్లి మాట చెల్లదు.

ఇది పుస్తకాల గొడవ అనుకుంటే పొరపాటు. ఆటిజాన్ని తేల్చడానికి రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. బిడ్డను చూడాలి, పెంచేవాళ్లను అడగాలి. సికింద్రాబాద్ బోయినపల్లిలో ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలై తరవాత మేధో వికలాంగుల సాధికారత సంస్థగా పేరు మారింది. మన దేశపు పిల్లల కోసం అది తయారుచేసిన కొలమానంలో 40 అంశాలున్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె వేస్తారు. మొత్తం 70కి లోపయితే ఆటిజం లేదన్నట్టు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆ పైన తీవ్రం. వైకల్య ధ్రువపత్రాలకు దీన్నే కొలబద్దగా 2016లో కేంద్రం ప్రకటించింది. బిడ్డను గదిలో చూసేది మహా అయితే గంటో రెండు గంటలో. వాడు ఇంట్లో ఎలా నిద్రపోతాడు, ఆకలేస్తే ఎలా అడుగుతాడు, పక్కింటి పిల్లలొస్తే ఏం చేస్తాడు అన్నవన్నీ ఎవరో ఒకరు చెప్పవలసిందే. ఆ ఎవరో తల్లే. తండ్రులు రారా అంటే వస్తారు, వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటారు. ధ్రువపత్రం, పింఛను, బస్సు పాసు, నేషనల్ ట్రస్టు వారి లక్ష రూపాయల నిరామయ బీమా – ఇవన్నీ చివరికి ఒక ఆడమనిషి చెప్పిన జవాబుల మీద నిలబడి ఉంటాయి. ఆమె మాట చెల్లదంటే బిడ్డ హక్కు కూడా గాలిలోనే ఉంటుంది.

తల్లి మీద ఈ అనుమానం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలంటే కొంచెం వెనక్కి, అమెరికా దాకా వెళ్లాలి. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజం ఒక ప్రత్యేక స్థితిగా వైద్యలోకంలో నిలదొక్కుకున్నది దానితోనే. (1925లోనే సోవియట్ రష్యాలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు ఆరుగురు మగపిల్లల గురించి ఇలాంటి వర్ణనే ప్రచురించింది. దశాబ్దాల తరబడి ఆమె పేరు ఎవరికీ పట్టలేదు. ఆశ్చర్యపోవలసిందేమీ లేదు.) ఇది పుట్టుకతో వచ్చేదని కానర్ ఆ వ్యాసంలో రాస్తూనే, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత ఉన్నవాళ్లు బహు తక్కువని కూడా రాశాడు. 1949 నాటికి, మంచు కరగని రిఫ్రిజిరేటర్లో పెట్టి పెంచినట్టు పెంచారనే దాకా పోయాడు. అన్నది తల్లిదండ్రులిద్దరినీ. లోకం పట్టుకున్నది తల్లిని. ‘రిఫ్రిజిరేటర్ మదర్’ అన్న నింద అలా పుట్టింది. 1967లో షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’ అన్న పుస్తకం రాసి ఆ నిందను ఇంటింటికీ చేర్చాడు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి దూరంగా ఉంచి బాగుచెయ్యాలన్నది అతని పద్ధతి. ఒక తరం తల్లులు తమ ప్రేమలో ఎక్కడ లోపమొచ్చిందో వెతుక్కుంటూ బతికారు.

ఆ నిందను కూలగొట్టినవాళ్లలో తల్లిదండ్రులే ముందున్నారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ దీనికి కారణం శరీరంలోనే ఉందని పుస్తకం రాశాడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్తే కాదు, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి కూడా. ఇంగ్లండ్‌లో లోర్నా వింగ్ ఆటిజం ఉన్న కూతురికి తల్లి, పైగా మానసిక వైద్యురాలు; ఆటిజాన్ని ఒక విస్తారమైన వర్ణపటంగా చూడటం మనం నేర్చుకున్నది ఆమె దగ్గరే. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభలో నిలబడి మిమ్మల్ని నిర్దోషులుగా ప్రకటిస్తున్నానన్నాడు. 1977లో సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే రూపు కవలలు 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు రూపు కవలలు 10 జతల్లో ఒక్కదాంట్లోనూ అలా లేదు. అంటే ఇది ప్రేమలో కరువు కాదు, వంశంలో వచ్చేది.

తల్లులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ వంశం అన్న మాటకే ఇంకో కొస ఉంది. వంశంలో వచ్చేదైతే ఎవరి వైపు నుంచి? తల్లిలో ఏమున్నాయో చూద్దాం! ఆత్మీయత లేదన్న పాత నేరారోపణ పోయి, ఆమె చూపే సరైనది కాదన్న కొత్త అనుమానం వచ్చి కూర్చుంది. తండ్రి నుంచి కూడా రావచ్చు కదా అని అడిగేవాళ్లు తక్కువ. మన ఇళ్లల్లోనే చూడండి. నలుగురిలో నోరు విప్పని మగవాణ్ణి ‘మాట తక్కువ, పని ఎక్కువ’ అని మెచ్చుకుంటారు. అదే గుణం కోడలికి ఉంటే పొగరు, ముంగితనం, లెక్కలేనితనం. బిడ్డకు జోల పాడలేదని, నవ్వించలేదని, చుట్టాలొస్తే ముఖాన నవ్వు తెచ్చుకోలేదని ఆమె తల్లితనానికే మార్కులు తగ్గిస్తారు. ‘తల్లి మనసు’ అని మనం పాడుకునే పాట ఇలాంటి ఆడవాళ్ల మీద ఎంత బరువు మోపుతుందో స్త్రీవాదులం కూడా తగినంత ఆలోచించలేదు.

కానర్ వ్యాసంలోనే ఒక సంగతి ఉంది, దాన్ని నేను చాలామందికి చెబుతుంటాను. ఆయన చూసిన మొదటి పిల్లవాడి తండ్రి, బిడ్డను తీసుకువచ్చే ముందు 33 పేజీల టైపు చేసిన చరిత్ర పంపాడు. అందులో మితిమీరిన వివరాలున్నాయని కానర్ గమనించాడు. అయినా ఆ పిల్లవాడి నేపథ్యం దానివల్ల చక్కగా తెలిసిందని రాశాడు. అంటే, కొంచెం వింతగా తోచే స్వభావం ఉన్న తండ్రి రాసిన మాట ఆటిజం చరిత్రకే పునాది రాయి అయింది. అదే 33 పేజీలు మన జిల్లా ఆస్పత్రికి ఒక తల్లి పట్టుకెళ్తే ఏమంటారో ఊహించుకోండి.

ఊహించనక్కర్లేదు, నేను చూశాను. ఖమ్మంలో మా మహిళా సహాయ కేంద్రానికి ఒకామె వచ్చేది. బట్టలు కుట్టి బతుకుతుంది. ఐదేళ్ల కొడుకు. పేర్లూ ఊళ్లూ రాయను. అంగన్‌వాడీ టీచరు బలవంతం మీద బిడ్డను ఆస్పత్రిలో చూపించారు. ‘మిగతా పిల్లలతో కలుస్తాడా?’ అని అడిగితే ‘కలుస్తడు’ అంది. నిజమే, మరిది పిల్లలు ఆడుతుంటే వాళ్ల పక్కనే కూర్చుని సీసా మూతలు వరసగా పేర్చుకుంటాడు. ఆమె లెక్కలో అది కలవడమే. ‘పిలిస్తే పలుకుతాడా?’ అంటే ‘పలుకుతడు’ అంది. అదీ నిజమే. ఆమె వాణ్ణి పేరు పెట్టి పిలవదు, దగ్గరికెళ్లి నేల మీద రెండుసార్లు తడుతుంది, వాడు తిరిగి చూస్తాడు. ఎలా పిలుస్తావని ఎవరూ అడగలేదు. అడగనిది ఆమె చెప్పలేదు. అత్తగారిని అడిగితే అన్నిటికీ ‘లేదు’ అని చెప్పింది. చివరికి చీటీ మీద రాసింది ఇది: తల్లి ఇచ్చే సమాచారం నమ్మదగినది కాదు, ఆమె కూడా ముఖంలోకి చూసి మాట్లాడదు.

మా దగ్గర ఆమె అన్నది – “వాడు నాలెక్కనే ఉంటడక్కా. నేను గూడ చిన్నప్పుడు ఎవ్వరితోని ఆడలే. నాకేమైంది, బతుకుతలేనా?”

ఈ మాటను రెండు రకాలుగా వినవచ్చు. బిడ్డ ఇబ్బందిని ఒప్పుకోవడం లేదని వినవచ్చు. లేదా, ఇబ్బంది అంటే ఏమిటో ఈ ఇంట్లో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి మాట్లాడుతోందని వినవచ్చు. కొలతలు రాసుకునే నోటు పుస్తకం వెనక పేజీల్లో ఆమె కొడుకు గురించి రాసిపెట్టుకుంది. కుక్కరు ఎన్నో విజిల్‌కి ఏడుపు మొదలైందో, రేకుల మీద వాన పడ్డ రోజు ఎంతసేపు చెవులు మూసుకున్నాడో, కొత్త చొక్కా మెడ దగ్గర లేబుల్ విప్పేశాక ఎన్నాళ్లకు దాన్ని తొడుక్కున్నాడో. లేబుల్ సంగతి నీకెలా తెలిసిందంటే, నాకు గూడ కుచ్చుకుంటది అంది. ఇది పక్షపాతమా? ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏ మనస్తత్వ నిపుణుడు తేగలడు?

ఇక్కడ శాస్త్రం వైపు నుంచి ఒక సంగతి ఒప్పుకుందాం. తల్లిలోని ఛాయలకూ, బిడ్డ గురించి ఆమె చెప్పేదానికీ సంబంధం కనిపించిందనుకోండి. దానికి రెండు దారులుంటాయి. ఒకటి, బిడ్డకు నిజంగానే వంశంలో ఆ ఇబ్బంది వచ్చి ఉండటం. రెండోది, ఆమె చూపులో ఏదో విశేషం ఉండటం. తన గురించి, బిడ్డ గురించి రెండు ప్రశ్నాపత్రాలనూ ఒకే మనిషి నింపితే ఈ రెండు దారులనూ విడదీయలేం. బిడ్డను ఇంకెవరైనా చూడాలి, ఇంకో చోట చూడాలి. 2001లో కేంబ్రిడ్జ్ వాళ్లు తయారుచేసిన 50 వాక్యాల ప్రశ్నాపత్రం లాంటివి పెద్దవాళ్లలో ఛాయలు ఎంతున్నాయో చెప్పగలవు గాని, వాటికవే నిర్ధారణ కావు. అలాంటి అంకెను పట్టుకుని ‘కాబట్టి ఈమె చెప్పేది తగ్గించి చూడాలి’ అనడం శాస్త్రం కాదు.

పైగా ఒక బిడ్డ గురించి ఇద్దరు పెద్దవాళ్లు ఒకే మాట చెప్పకపోవడం లోకమంతటా మామూలే. 1987లో టామస్ ఆకెన్‌బాక్, ఆయన సహచరులు 119 అధ్యయనాలను కలిపి చూస్తే, తల్లిదండ్రులూ టీచర్ల లాగా వేరువేరు చోట్ల బిడ్డను చూసేవాళ్ల మధ్య పొత్తు చాలా స్వల్పంగానే తేలింది. వాళ్లలో ఎవరో అబద్ధం చెప్పారని ఆయన తేల్చలేదు. బిడ్డ ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా ఉంటాడు, చూసేవాళ్లందరి దగ్గరా తలో ముక్క ఉంటుంది. మరి తల్లికీ అత్తకీ మాట కలవనప్పుడు తల్లిదే తప్పని ఎందుకనుకోవాలి?

2012లో డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త – స్వయంగా ఆటిజం ఉన్నవాడు – ఒక ఆలోచన ముందుకు తెచ్చాడు. ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్లు అర్థం కారు అనడం సగమే నిజమని, మిగతావాళ్లకు కూడా ఆటిజం ఉన్నవాళ్లు అర్థం కావడం లేదని, అపార్థం రెండు వైపులా ఉందని. పీడితుల గురించి పీడకులు రాసిన చరిత్ర చదివిన మనకు ఈ వాదన పట్టుకోవడం కష్టం కాదు. ఆ ఆస్పత్రి గదిలో మాట అర్థం కానిది తల్లికేనా, ప్రశ్న అడిగినవాళ్లకు కూడానా?

కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. తల్లి ‘బాగానే ఉన్నాడు’ అంటూ కూర్చుంటే బిడ్డకు అందవలసిన సాయం ఏళ్ల తరబడి ఆలస్యమవుతుంది కదా, బిడ్డ హక్కు మాటేమిటి అని. ఈ అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మాట రాని పిల్లవాడికి సైగలో, బొమ్మల కార్డులో అందితే ఒక ఏడాది ముందు అందడం చాలా పెద్ద సంగతి. అయితే ఆలస్యానికి కారణాలు లెక్కపెడితే తల్లి ‘బాగానే ఉన్నాడు’ అనడం చాలా కిందికి వస్తుంది. ‘మగపిల్లలకు మాటలు లేటే’ అని పంపేసేవాళ్లున్నారు, బస్సు చార్జీలున్నాయి, సికింద్రాబాద్ దాకా వెళ్లి రావడానికి రెండు రోజుల కూలి పోవడం ఉంది. తల్లిని పక్కకు నెట్టి అత్తనో మేనత్తనో అడిగితే ఇవేవీ తీరవు. ఆమెకు అర్థమయ్యేలా, తేటగా, గుచ్చి గుచ్చి అడిగితే మాత్రం జవాబు దొరుకుతుంది.

అది ఎలాగో అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు, మన కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు చెప్పుకోవాలి. ‘కలుస్తాడా, కలవడా’ అన్న ప్రశ్న పనికిరాదు. నిన్న సాయంత్రం ఎవరొచ్చారు, వాళ్లు ఏం చేస్తుంటే వీడు ఏం చేశాడు అని అడగాలి. ఎలా పిలుస్తావో చేసి చూపించమనాలి. ఆకలేస్తే వాడేం చేస్తాడో చెప్పమనాలి. ఇంటి దగ్గర పది నిమిషాలు కూర్చుని చూడాలి. తండ్రిని బెంచీ మీద నుంచి లేపి అవే ప్రశ్నలు అడగాలి. ఆయన జవాబులు ఎంత చిన్నవిగా ఉంటాయో అప్పుడు తెలుస్తుంది! ట్యూబులైటు మినుకుమినుకుమంటూ, బయట ఇరవై మంది అరుస్తున్న గదిలో ఇలాంటి తల్లి చేత మాట్లాడించి, ముఖంలోకి చూడలేదని రాయడం అన్యాయం. ముందే ప్రశ్నలు కాగితం మీద ఇస్తే, చదువు రాకపోతే ఒకరోజు ముందు చదివి వినిపిస్తే, ఆమె ఎంత పట్టి చెబుతుందో చూడండి.

ఇంకో జాగ్రత్త మనకే అవసరం. ఈ విషయాలు చదివాక కనపడిన ప్రతి మౌనమైన ఆడమనిషికీ ఆటిజం అని పేరు పెట్టే ఉత్సాహం రావచ్చు. వద్దు. దెబ్బలు తిన్న మనిషి కూడా ముఖంలోకి చూడదు. తన గురించి పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఆడవాళ్లలో ఆటిజం లెక్కకు రాకుండా పోతోందని ఇప్పుడు అందరూ అంటున్నారు. నలుగురు మగవాళ్లకు ఒక ఆడమనిషి అన్న పాత లెక్కను 2017లో వచ్చిన ఒక సమీక్ష ముగ్గురికి ఒకరు అని సవరించింది. కొందరు ఆడవాళ్లకు నలభయ్యో ఏట తమ గురించి తెలియడం గొప్ప ఊరట. మరికొందరికి అదే పేరు పుట్టింటికి తరిమే ఆయుధం.

ఆయుధం అని ఊరికే అనలేదు. ఆ ఆస్పత్రి చీటీ ఎనిమిది నెలల తరవాత పెద్దమనుషుల పంచాయతీలో తేలింది. ఆమెకు మతి సరిగా లేదని డాక్టరే రాశాడు, పిల్లవాణ్ణి మా దగ్గర ఉంచుకుంటాం, విడాకులు కావాలి అని భర్త తరఫువాళ్లు పట్టుబట్టారు. మేం చట్టం చదివి వెళ్లాం. హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణమే. కానీ 1988లో రామ్ నారాయణ్ గుప్తా, రామేశ్వరి గుప్తా కేసులో సుప్రీం కోర్టు, జబ్బుకో పేరు ఉన్నంత మాత్రాన చాలదని, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత రుజువు కావాలని చెప్పింది. అక్కడ ఉన్న పేరు స్కిజోఫ్రెనియా. మరి ముఖంలోకి చూడకపోవడం ఎక్కడ? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, మానసిక రుగ్మత ఉందని తేలినా కోర్టు ప్రకటించనిదే ఎవరినీ మతిస్థిమితం లేనివాళ్లుగా లెక్కించరాదంటోంది. పంచాయతీ ఆగింది. బిడ్డ తల్లి దగ్గరే ఉన్నాడు.

అయితే చట్టంలోనే ఒక ఖాళీ ఉంది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. దాని 23వ అధికరణం, బిడ్డ వైకల్యం వల్ల గాని తల్లిదండ్రుల్లో ఒకరి లేదా ఇద్దరి వైకల్యం వల్ల గాని బిడ్డను విడదీయకూడదని స్పష్టంగా చెబుతోంది. 1995 చట్టంలో ఆటిజం పేరే లేదు; 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో వచ్చింది; 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో చేరింది. మంచిదే. కానీ ఈ 2016 చట్టం 9వ సెక్షను మాట్లాడేది వైకల్యం ఉన్న బిడ్డ గురించే. వైకల్యం ఉన్న తల్లి నుంచి బిడ్డను లాక్కుంటే ఏమిటన్నది అందులో లేదు. ఒడంబడికలో ఉన్న ఆ సగం మన చట్టంలోకి రాలేదు. వికలాంగ స్త్రీల సంఘాలు, మనలాంటి సంఘాలు కలిసి అడగవలసిన సవరణ ఇది.

చట్టం మారేలోగా మా కేంద్రం ఒక పద్ధతి పెట్టుకుంది. బిడ్డ గురించి రాసే కాగితంలో ఎవరు ఏం చూశారో, ఏ రోజు, ఎక్కడ చూశారో మాత్రమే రాస్తాం. తల్లి స్వభావం గురించి ఒక్క ముక్క కూడా ఆ కాగితం మీద ఉండదు. ఆమె నోటు పుస్తకం జిరాక్స్ ప్రతిని జత చేస్తాం. జిల్లా ఆస్పత్రిలోని బాలల సత్వర చికిత్స కేంద్రాన్ని కూడా ఇలాగే చేయమని కోరుతూ రాసిన విజ్ఞాపన ఇప్పుడు సంతకాల్లో ఉంది. మీ జిల్లాల్లో పెట్టడానికి నమూనా కావాలంటే రాయండి, పంపుతాం.